ఏరి నింపిన సంచి

చాట మూడోసారి ఎగరేసేసరికి తెల్లదుమ్ము గాలికి కొట్టుకుపోయి, అడుగున వంకాయ రంగు రేకులు మిగిలాయి. ఇంక చాలు, సంచిలో పొయ్యమని పక్కనున్న ఆడవాళ్లు తొందరపెడుతున్నారు. నాకు మాత్రం చాలలేదు. రేకుల మధ్య రెండు మూడు పలుగురాయి ముక్కలు ఇంకా తెల్లగా కనిపిస్తుంటే వాటినీ ఏరి అవతల పారేశాను. అప్పుడు సంచిలో పోసి, మూతి కుట్టి, కాపీయింగు పెన్సిల్ నాలుకకు తాకించి, గుడ్డ మీద గుండ్రంగా అంకె వేశాను: ఐదు. కింద తారీకు వేశాను. ఎత్తి చూసుకుంటే నా పనికి నాకే ముద్దొచ్చింది.

రాళ్లను చెరగడమేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ పని చేసిన రోజు మేమూ నవ్వుకుంటూనే చేశాం. మిషను బడిలో మీరంతా ఇప్పుడు ఎనిమిదో తరగతి దాకా చదువుతున్నారు. గనిలో ఉద్యోగం చేసిన అక్కవు కదా, అదెట్లా ఉంటుందో రాసిమ్మని నన్ను అడిగారు. నేను చేసింది ఏడాది లోపే. మానేసి మూడేళ్లవుతోంది. ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్లు గొప్పలు రాసుకుంటారు. నాకు రాసుకోవడానికి ఈ సంచీ ఒకటే ఉంది.

యుద్ధం రోజుల మాట. మా పేట డోన్‌కు పడమరగా రెండు గంటల నడక. ఊరు దాటి, వంక దాటి, గుట్ట కింద ముప్ఫై గుడిసెలూ ఒక చిన్న చర్చీ, అదే మా పేట. ఆ గుట్ట పక్కనుంచి మా పొలాల వైపు తెల్లగా ఒక రాతి చార పోతుంది. చిన్నప్పుడు మేము దాని మీద జారేవాళ్లం. అందులో కాకిబంగారం రేకులు దొరికితే అద్దాలని ఆడుకునేవాళ్లం. అక్కడక్కడా వంకాయ రంగు రేకులు కూడా దొరికేవి. ఆ రంగు రేకు దొరికిన పిల్ల ఆ రోజుకు రాణి. ఆ రేకుల కోసం ఎవరో ఎక్కణ్నుంచో ఎడ్లబండిలో గుడారాలు వేసుకుని వస్తారని మాకేం తెలుసు?

వచ్చినాయనది కడప. యాభై ఏళ్లుంటాయి. సన్నగా, ఎండకు మాడిన మొహంతో ఉండేవాడు. మెడలో తాడుకు ఒక భూతద్దం వేలాడుతూ ఉండేది. అంతకుముందు ఆయన కడప వైపు ముగ్గురాయి గనుల్లో పని చేశాడట. ఒక కంపెనీ వాళ్లు మా చార చూసి రమ్మని పంపారు. పొద్దస్తమానం రాళ్లను కొట్టి, అద్దంలో చూసి, ఒక్కోసారి నాలుకతో తాకి చూసేవాడు. మావాళ్లు ఆయనకు రాళ్లయ్య అని పేరు పెట్టారు. ఆయనకు కోపం రాలేదు. పిలిస్తే పలికేవాడు.

రాయడం వచ్చినవాళ్లు ఒకరు కావాలని ఆయన అడిగితే మా చర్చి ఉపదేశి నన్ను చూపించాడు. నాకు ఐదో తరగతి చదువు. అక్షరం ముత్యమని బడిలో పేరు. సంచులు కుట్టడం, అంకెలు వేయడం, ఏ సంచీ ఎక్కడిదో పుస్తకంలో రాయడం నా పని. మా పేటలో మొదటిసారి ఒక ఆడపిల్ల ఎండలో వంగకుండా కూలి తెచ్చింది. ఆ రోజుల్లో నా నడకే మారిపోయిందని అందరూ అనేవాళ్లు. నిజమే, మారింది.

రాళ్లయ్యకు మాట్లాడేవాళ్లు దొరికితే చాలు. నాకు వినేవాళ్లు దొరకరు, ఆయనకూ దొరకరు, ఇద్దరికీ సరిపోయింది. ఆయన దగ్గర గదులు గదులుగా ఉన్న ఒక చెక్కపెట్టె ఉండేది. ఒక గదిలో అమెరికా గుట్టల నుంచి వచ్చిన బూడిదాకుపచ్చ రాతి పేడు. అక్కడ ఆ రాయి ఒక్కొక్క పలక తాటిచెట్టంత పొడుగున పడుంటుందని చెప్తే నేను నమ్మలేదు. ఇంకో గదిలో స్వీడన్ అనే చలిదేశంలో ఒక చిన్న దీవి నుంచి వచ్చిన ముక్క. మా వంకాయ రేకుల్లో ఉండే లిథియం అనే లోహాన్ని మొదట గుర్తుపట్టింది ఆ దీవి రాతిలోనేనట, నూరేళ్లు దాటిందట. మరో గదిలో ఆఫ్రికాది, అచ్చం మా వంకాయ రంగే. ఇన్ని సముద్రాల అవతల ఉన్నా లోకంలో అన్నిచోట్లా ఈ రాయి పుట్టుక ఒకటేనని చెప్పాడు.

పుట్టుక ఎట్లాగంటే: భూమి లోపల బాగా లోతున రాయి కరిగి జావగా ఉంటుందట. అది మనం లెక్కపెట్టలేనన్ని ఏళ్లు మెల్లగా చల్లారుతూ గట్టిపడితే మన గుట్ట. ముందు గట్టిపడేవి తమకు కావలసినవి తీసేసుకుంటాయి. అక్కరలేనివి రసంలోనే ఉండిపోతాయి. ఉప్పరోళ్ల మడిలో ఉప్పు పేరుకున్నాక అడుగున చేదునీళ్లు మిగులుతాయే, అట్లా ఒక రసం చివరికి మిగులుతుంది. అది నీళ్లు కలిసి పలచగా ఉంటుంది కాబట్టి పగుళ్లలో దూరి ఎంతో దూరం పోయి, అక్కడ నిదానంగా కలకండలాగా పెద్ద పెద్ద ముక్కలుగా పేరుకుంటుంది. దానికి ఆయన చెప్పిన ఇంగ్లీషు పేరు పెగ్మటైటు. తర్వాత గుంత తవ్వడానికి వచ్చిన మేస్త్రి నోట్లో అది పెగ్గుమట్టి అయింది, మా అందరికీ అదే పేరు నిలిచింది.

ఒక రోజు సంగటి వేళ ఆడవాళ్లంతా ఉండగా రాళ్లయ్య అన్నాడు: "ఈ లిథియం శానా తేలికైనదమ్మా. ఏ రాతిలోనూ ఇమడదు. అన్నీ నెట్టేస్తే గుట్ట వదిలి దూరం పోతాది. తల్లిరాయికి ఎంత దూరం పోతే అంత ఎక్కువ దొరుకుతాది."

"అట్లయితే అది మా పేటదే అయ్యా," అంది ఒకామె. "మమ్మల్నీ ఊరు నెట్టేస్తేనే వంక దాటి ఈడికొచ్చినాము."

మేమంతా పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇంక పని సంగతి. చారకు అడ్డంగా పదేసి అడుగులకు ఒకచోట, జేగురుతో రెండేసి గీతలు గీసేవాడు, జానెడు ఎడంగా. ఆ రెండు గీతల మధ్య రాతిని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లోతున ఉలితో కొట్టాలి. రాలిందంతా గోనెపట్టా మీద పడాలి. దాన్ని కలిపి కుప్ప చేసి, రొట్టెను తుంచినట్టు నాలుగు భాగాలు చేసి, ఒక భాగం సంచిలో వెయ్యాలి. గుట్ట దగ్గర ఒకటో గీత, పొలాల దగ్గర పదకొండో గీత. మొదటి నాలుగూ ఆయనే దగ్గర కూర్చుని కొట్టించాడు. నాలుగో గీత అయిన సాయంత్రం ఆయనకు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటుంటే బండి కట్టి డోన్‌కు, అక్కణ్నుంచి రైల్లో కర్నూలు ఆసుపత్రికి పంపాం. బండి ఎక్కుతూ కూడా నాకు పనే చెప్పాడు. గీత నుంచి గీత దాకా కొట్టించు, రాలింది సంచిలో వెయ్యి, తారీకు మర్చిపోకు. అంతే చెప్పాడు. ఏరొద్దని చెప్పలేదు. చెప్పాలని ఆయనకు ఎందుకు తోస్తుంది?

కుప్ప ముందు కూర్చున్నాక నాకు మనసొప్పలేదు. ఆ కుప్పలో పదింట తొమ్మిది వంతులకు పైనే తెల్లరాయి, దుమ్ము, పెళ్లలు. మద్రాసు దాకా పోయే సంచి అది. ఎవరో పెద్దవాళ్లు విప్పి చూస్తారు. మన ఇళ్లల్లో చెరగకుండా, ఏరకుండా ఎవరికైనా గింజలు కొలుస్తామా? కోతల పండగకు చర్చికి కొర్రలు తీసుకుపోయేటప్పుడు మా చిన్నమ్మ రాత్రంతా కూర్చుని మట్టిగడ్డ ఒక్కటి లేకుండా ఏరేది. ఉన్నవాటిలో మంచివి ఇవ్వాలి, అట్లా పెరిగాం. నేను ఆ మాటే అన్నాను. ఆడవాళ్లు కూడా అవునన్నారు. ఒకామె ఇంటికి పోయి రెండు చాటలు తెచ్చింది. రేకులు తేలిక కాబట్టి దుమ్ముతోపాటు ఎగిరిపోకుండా చాటను కాస్త వంచి పట్టాలి. ఆ ఒడుపు మాకు పుట్టుకతో వచ్చిందే. సంచి నిండకపోతే అదే గీతల మధ్య ఇంకాస్త కొట్టి, మళ్లీ చెరిగి నింపాం. అట్లా ఏడు సంచులు. దొంగపని అనే ఆలోచన మా ఎవరికీ రాలేదు. పైగా, కూలికి మించి పని చేశామని లోపల కొంచెం గర్వం.

పది రోజులకు రాళ్లయ్య తిరిగొచ్చాడు. జ్వరం ఆయన ఒంట్లో కండ మిగల్చలేదు. గుడారంలో నులకమంచం మీద కూర్చుని సంచుల వరస చూశాడు, నా అంకెలు మెచ్చుకున్నాడు.

"గీత నుంచి గీత దాకా కొట్టినారు కదా?"

"కొట్టినాము అయ్యా."

అబద్ధం కాదు కదా, కొట్టాం. ఆ మాట నేను ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో. కొట్టాం. కొట్టాక ఏం చేశామో ఆయన అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు.

ఆ మధ్యాహ్నమే ఏడో సంచి విప్పి చిటికెడు నలిపి, ఏదో ద్రావకంలో తడిపి, సన్నటి తీగ కొసకు అంటించి సారాయి దీపం మీద పెట్టాడు. నీలం మంట ఒక్కసారిగా ఎర్రబడింది. ఎట్లాంటి ఎరుపనుకున్నారు, గాజులంగడిలో ఎక్కడా చూడలేదు అట్లాంటిది. లిథియం ఉంటే మంట అట్లా మారుతుందట. ఆయన నాలుగైదు సార్లు చేసి చూపించాడు. ప్రతిసారీ మేము నోళ్లు తెరిచాం. నా సంచిలోంచి వచ్చిన ఎరుపు కదా, దాన్ని నేనే కన్నట్టుంది నాకు.

సంచులు పంపిన నెలన్నరకు మద్రాసు నుంచి పరీక్ష కాగితం వచ్చింది. మొదటి నాలుగు సంచుల్లో లిథియం అంతంతమాత్రం. ఐదు నుంచి పదకొండు దాకా బ్రహ్మాండం. రాళ్లయ్య ఆ కాగితం పట్టుకుని చార వెంబడి మూడుసార్లు నడిచాడు. ఆయన చెప్పిందే జరిగింది. గుట్టను వదిలి దూరం పోయే కొద్దీ రాయి బాగుపడుతోంది. మరి పదకొండో గీత అవతల ఇంకెంత ఉంటుంది?

పదకొండో గీత అవతల మా చిన్నమ్మ పొలం గట్టు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమె మొగుడు కలరాకు పోయాడు, పిల్లల్లేరు. నాలుగెకరాల ఎర్రనేల ఉండేది. మా పేటలో సొంత పొలం ఉన్న ఆడది ఆమె ఒక్కతే. ఊళ్లో రెడ్లు కబురు చేస్తే మిగతావాళ్లు గంప ఎత్తుకుని పోవాల్సిందే. చిన్నమ్మ మాత్రం మా పొలంలో పనుంది, రానని చెప్పగలిగేది. ఆ ఒక్క మాట అనడానికే ఆమె ఆ పొలం సేద్యం చేస్తుందని నాకు అనిపించేది, వాన పడని ఏళ్లల్లో ఆ పొలం ఇచ్చేది ఆ మాట ఒకటే కాబట్టి.

కంపెనీ తరఫున కాగితం రాసుకొచ్చారు. పొలంలో గుంత తవ్వనిస్తే, గని ఉన్నన్నాళ్లూ ఇంట్లో అందరికీ పని. గని ముగిశాక చదును చేసి పొలం అప్పగిస్తారు. కాగితం నేనే చదివి వినిపించాను. మూడు రోజులు ఆమె పొలం గట్టు మీదే తిరిగింది. నాలుగో రోజు సంగటి గెలుకుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ కాయితాల సంగతి నాకొద్దు పాపా. సంచి కట్టింది నువ్వు. ఉండాదా, ల్యాదా?"

"ఉండాది చిన్నమ్మా. నా కండ్లతో చూసినా. మంట యెర్రగా వచ్చింది."

కట్టె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలిముద్ర వేయడానికి లేచింది.

తవ్వడానికి కర్నూలు వైపు నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు, తురకాయన. ముప్ఫై ఏళ్లుగా బావులు తవ్వినవాడు. నన్ను కాగితాలమ్మా అని ఆటపట్టించేవాడు, ఒక్కోసారి బేటీ అనేవాడు. విత్తే పదును వచ్చింది, పోయింది. మా పేటలో సగం మంది ఆ ఏడు పొలాల పనికి పోకుండా గుంతలోకే వచ్చారు. పైమట్టిని ఒక పక్కకు తీసి జాగ్రత్తగా పొయ్యాలని మొదట అనుకున్నాం. చోటు చాలక పదిరోజులకే తెల్లరాయిని ఆ మట్టి మీదే పొయ్యడం మొదలైంది. చిన్నమ్మ కూడా గంప మోసేది, తన మట్టి మీదకు తనే రాయి పోసేది. తల తిప్పుకుని పోసేది.

మొదటి మనిషిలోతులో వంకాయ రేకులు అక్కడక్కడా కనిపించాయి. రెండో మనిషిలోతులో వెతికితే కనిపించాయి. మూడో మనిషిలోతుకు పోయేసరికి అంతా తెలుపే. పాలరాయిలాగా ఇంత అందంగా ఉన్న రాయిని చూసి నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఇంకాస్త కిందికి పోతే మళ్లీ తగులుతుందని రాళ్లయ్య రోజూ చెప్పేవాడు. చెప్పే గొంతు రోజురోజుకూ చిన్నదవుతోంది.

మేస్త్రి ఒక పొద్దున గుంత అంచున నా పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. "బేటీ, నీళ్లుండే తావులో తవ్వితే చేతికి తెలుస్తాది. గడ్డపార అంటాది నాతో. ఈ గుంత నాతో ఒక్క మాట మాట్లాడల్యా," అన్నాడు. నేనేదో జోకు వేశాను. ఏం జోకో గుర్తులేదు.

మద్రాసు నుంచి కంపెనీ దొర వస్తున్నాడని కబురొచ్చింది, ఇంక మూడు రోజులే ఉంది. ఆ రోజు రాళ్లయ్య తాడు గంపలో కూర్చుని తనే గుంతలోకి దిగాడు. చొక్కా నిండా రాయి నింపుకుని పైకొచ్చాడు. గుడారం చీకటి చేసి తీగ మంటలో పెట్టాడు. మంట పసుపు రంగులోకి మారింది. మామూలు పసుపు, పొయ్యిలో ఉప్పు చల్లితే వచ్చే పసుపు. తీగ కడిగాడు, మళ్లీ పెట్టాడు. పసుపు. ఆరుసార్లు చూశాడు, నేను లెక్కపెట్టాను.

తర్వాత సుత్తీ ఉలీ తీసుకుని చార మీదకు నడిచాడు. గోనెపట్టా పట్టుకుని నన్ను రమ్మన్నాడు. ఎనిమిదో గీత దగ్గర ఆగి, మేము ముందు కొట్టిన గాడి పక్కనే జానెడు వెడల్పున తనే కొట్టడం మొదలుపెట్టాడు. జ్వరం మనిషి. చెమట కారిపోతోంది. నేను పట్టా పట్టుకుని కూర్చున్నాను. తెల్లరాయి రాలింది. తెల్లరాయి, దుమ్ము, మళ్లీ తెల్లరాయి, ఒక వంకాయ రేకు, మళ్లీ తెల్లరాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటీ వదలకుండా కొట్టాడు. పట్టా మీద కుప్ప లేచింది. ఆ కుప్పను నేను గుర్తుపట్టాను. అచ్చం ఇట్లాంటి కుప్ప ముందే నేను చాటతో కూర్చున్నాను.

ఆయన కుప్ప వైపు చూస్తూ గొణుక్కుంటున్నాడు, మద్రాసు కాగితంలో ఉన్నదానికి ఇందులో పదోవంతు కూడా లేదే, ఏమైంది, ఎట్లా పోయింది అని. నేను పట్టా వదిలేశాను. నేను ఊరికే ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ సంగతి కూడా ఆ క్షణంలో నాకు తోచింది, దాచను.

"అయ్యా, మేము చెరిగినామయ్యా."

"ఏం చెరిగినారు?"

"రాళ్లు."

అర్థం కానట్టు చూశాడు. నేను రెండు చేతులతో చాట ఎగరేసినట్టు చూపించాను. అప్పుడు అర్థమైంది.

"అన్నీనా?"

"ఐదు నుంచి పదకొండు దాకా. ఆ తెల్లవి ఏరి పారేసినాము. మద్రాసుకు పోయేది కదా, మంచివి పంపాలని."

కోప్పడతాడనుకున్నాను. చెంప మీద కొట్టినా సహించేదాన్ని. ఆయన సుత్తి కింద పెట్టి, ఎనిమిదో గీత పక్కన రాతి మీద కూర్చుండిపోయాడు. గొంతు కూడా పెంచకుండా అడిగాడు.

"మంచివి ఎవరడిగినారమ్మా నిన్ను?"

పట్టా మీద చెదిరిన రాళ్లను నేను చేత్తో కుప్ప దగ్గరికి తోశాను.

తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. చారలో మంచీ చెడూ ఏ పాళ్లలో ఉన్నాయో తెలియాలంటే రాలింది రాలినట్టే సంచిలో పోవాలట. నాలుగు సంచులు పేదవి, ఏడు గొప్పవి. గొప్పవి మొదలైంది సరిగ్గా తాను బండి ఎక్కిన మర్నాటి నుంచి. తారీకులన్నీ నా ముత్యాల అక్షరాల్లో సంచుల మీదే ఉన్నాయి. తాను కోరుకున్నట్టే రాయి కనిపించేసరికి తారీకుల వైపు చూడబుద్ధి కాలేదట. ఒక్క సంచి తిరిగి కొట్టించి ఉంటే చాలు, పొలం దాకా పోయేవాళ్లం కాదు. దొరకు నువ్వేమీ చెప్పొద్దు, నేను రాసుకుంటాను అన్నాడు. తప్పు తనదేనని రాసుకున్నాడని తర్వాత మేస్త్రి చెప్పాడు. దొర వచ్చి, గుంత చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు. వారంలో గుడారాలు లేచాయి. రాళ్లయ్య కడపకు పోయాడు. ఆయనకు ఆ కంపెనీలో పని ఉందో పోయిందో నాకు తెలియదు. పోయేటప్పుడు పెట్టెలోంచి ఏదైనా ముక్క ఇస్తాడేమోనని పిచ్చి ఆశ నాకు. ఇవ్వలేదు. ఎందుకిస్తాడు?

పొలం చదును మాటకొస్తే, గని నడిచి ముగిస్తే చదును చేస్తామని కాగితంలో ఉంది. నడవకుండానే మూతపడితే ఏం చేస్తారో అందులో రాయలేదు. చదివి వినిపించిన రోజు ఆ సంగతి నాకు తట్టలేదు. ఐదో తరగతి చదువుకు తట్టదు. మీ ఎనిమిదో తరగతికి తడుతుందేమో చూసుకోండి. పొలం నడిమధ్య మూడు నిలువుల గుంత, దాని చుట్టూ తెల్లరాళ్ల దిబ్బలు, ఆ దిబ్బల అడుగున ఎర్రమట్టి. దూరం నుంచి చూస్తే ఎండలో తళతళ మెరిసేది. దారినపోయేవాళ్లు ఆగి, ఎంత బాగుందో అనేవాళ్లు.

గుడారాలు లేచిపోయిన సాయంత్రం చిన్నమ్మకు అంతా చెప్పేశాను. చాట నుంచి మొదలుపెట్టి చివరిదాకా, ఒక్కటీ వదలకుండా. నాకు మాటలెక్కువ కదా, ఆ రోజు ఇంకా ఎక్కువయ్యాయి. నేను ఏడుస్తూ చెప్తున్నాను. ఆమె గడప మీద కూర్చుని కాళ్ల పగుళ్లకు ఆముదం రాసుకుంటూ వింటోంది. నేను ఆగాక ఒకటే అడిగింది.

"ఆపొద్దు తెలుసునా నీకు, అట్ల చేయకూడదని?"

"తెలీదు చిన్నమ్మా. ఒట్టు."

ఆముదం గిన్నె పక్కన పెట్టింది.

"తెలిసి చేసింటే తిట్టి ఊరుకుందును," అంది.

లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. సంగటి అట్లాగే ఉండిపోయింది. ఆమె నిద్రపోలేదని మాత్రం నాకు తెలుసు.

పొద్దున నేను లేచేసరికి ఆమె చాప చుట్టిపెట్టి ఉంది. గంప లేదు. పక్కింటామెను అడిగితే, ఇంకా తెల్లారకముందే మబ్బుండగానే డోన్ దారి పట్టిందని, రైలు దారికి కంకర కొట్టే పనికి మనుషులు కావాలంటే పోయిందని చెప్పింది. మొహం కూడా కడుక్కోకుండా నడిచాను. డోన్ స్టేషను దాటాక, పట్టాల పక్కన రాళ్ల గుట్టల ముందు ముప్ఫై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరికీ నీడ లేదు. తలల మీద కొంగులు, చేతుల్లో వెదురు పిడి సుత్తెలు. చివరి నుంచి నాలుగో మనిషి మా చిన్నమ్మ. ఎవరి పిలుపుకూ పోనని గుట్ట కింద అంత ధీమాగా చెప్పిన మనిషి, పని చేయించే ముక్కాదం చెయ్యి చూపించిన చోట కూర్చుని ఉంది.

ముక్కాదం నాకూ ఒక సుత్తె ఇచ్చాడు. పోయి ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె తలెత్తలేదు. ఒక రాయి పగలగొట్టింది, ఇంకొకటి ముందుకు లాక్కుంది. తర్వాత, సుత్తె ఆపకుండానే, కూర్చున్నచోటి నుంచి కొంచెం పక్కకు జరిగింది. నాకు చోటివ్వడానికి జరిగిందో, నాకు దూరంగా జరిగిందో నేను అడగలేదు. కూర్చుని, ఒక రాయి ముందుకు లాక్కుని కొట్టాను.